ఎండను దాచుకునే గోడలు: ఇంగ్లండ్ పాత ఇటుక తోటల్లో భౌతికశాస్త్రం

వేసవిలో పొద్దుగుంకి రెండు గంటలు గడిచాక పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. గాలి కాస్త చల్లబడినా గోడ ఇంకా వేడిగానే ఉంటుంది. పగలంతా తాగిన ఎండను అది రాత్రి మెల్లగా వదులుతుంది. మన ఇళ్లలో ఇది చికాకు. ఆ గది ఫ్యాను వేసినా చల్లబడదు. కానీ ఏడాదిలో ఎక్కువ భాగం చలిగా, మబ్బుగా ఉండే ఇంగ్లండ్‌లో ఇదే గుణాన్ని తోటమాలులు వరంగా మార్చుకున్నారు. అక్కడి గ్రామీణ భవంతుల తోటల చుట్టూ పది, పన్నెండు అడుగుల ఎత్తున లేపిన ఎర్ర ఇటుక గోడలు కేవలం దొంగల కోసమో, పశువుల కోసమో కట్టినవి కావు. అవి ఎండను దాచుకుని, గాలిని అడ్డుకుని, తేమను బయటికి పంపుతూ పనిచేసే సాధనాలు.

ఆ గోడల్లో కొన్ని 400 ఏళ్లు దాటినా నిలిచే ఉన్నాయి. మరికొన్ని మాత్రం గత కొన్ని దశాబ్దాల్లోనే పెచ్చులూడి, ముఖం పోగొట్టుకుని శిథిలమవుతున్నాయి. చాలా చోట్ల దానికి కారణం వయసు ఒక్కటే కాదు, వాటిని కాపాడాలని చేసిన మరమ్మతు కూడా. ఇది ఎలా జరిగిందో తెలియాలంటే ముందు ఆ గోడ ఎలా పనిచేస్తుందో చూడాలి.

తోటకు అంత ఎత్తు గోడ ఎందుకు?

పీచ్, ఆప్రికాట్, అంజూర వంటివి ఇంగ్లండ్ వాతావరణానికి చెందిన పండ్లు కావు. పీచ్, ఆప్రికాట్ చెట్లు వసంతం మొదట్లోనే, ఆకులు రాకముందే పూస్తాయి. ఆ రోజుల్లో ఒక్క రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు రెండు మూడు డిగ్రీల కిందికి దిగితే చాలు, విచ్చుకున్న పూలు మాడిపోతాయి. ఆ ఏడాది పంట పోయినట్టే. అంటే పంటకు, పంట లేకపోవడానికి మధ్య తేడా ఒక్కోసారి రెండు మూడు డిగ్రీలే. ఆ రెండు మూడు డిగ్రీలు అందించడమే గోడ పని.

ఇందుకోసం చెట్టును గోడకు దూరంగా పెరగనివ్వరు. కొమ్మలను విసనకర్ర పుల్లల్లా పరిచి గోడకు కడతారు. పాతకాలంలో ఇటుకల సందుల్లో మేకులు కొట్టి, గుడ్డ పీలికలతో కొమ్మలను బిగించేవారు. పాత గోడలను దగ్గరగా చూస్తే ఆ మేకుల చిల్లలు ఇప్పటికీ కనబడతాయి. రాతి గోడలో మేకు దిగదు. ఇటుక గోడలో మాత్రం అడుగడుగునా మెత్తటి సందులు ఉంటాయి. అందుకే రాయి విరివిగా దొరికే ప్రాంతాల్లో కూడా కొందరు రాతి గోడ కట్టి, ఎండ తగిలే లోపలి వైపు మాత్రం ఇటుకతో కట్టించుకున్నారు.

నిలువు గోడ, వాలు కిరణాలు

మన దగ్గర మధ్యాహ్నం ఎండ డాబా మీద మండుతుంది గానీ, దక్షిణపు గోడ మీద అంతగా పడదు. ఇంగ్లండ్‌లో పరిస్థితి వేరు. దీనికి కారణం అక్షాంశం. మార్చి 21 ప్రాంతంలో మధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు దిగంతం నుంచి సుమారు 73 డిగ్రీల ఎత్తున ఉంటే, లండన్‌లో 38 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. కిరణాలకు సూటిగా ఎదురుగా నిలిపిన పలక మీద 100 వంతుల శక్తి పడుతుందనుకుందాం. ఆ రోజు హైదరాబాద్‌లో నేల మీద 95 వంతులు, దక్షిణం వైపు చూసే నిలువు గోడ మీద 30 వంతులు పడతాయి. లండన్‌లో నేల మీద 62 వంతులు పడితే, గోడ మీద 78 వంతులు పడతాయి. డిసెంబరు చివర్లో లండన్ సూర్యుడు 15 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. అప్పుడు నేలకు దక్కేది 26 వంతులు, గోడకు దక్కేది 97. చలికాలంలో, వసంతంలో అక్కడ నేల కంటే గోడే మంచి ఎండపొలం అన్నమాట.

ఈ లెక్కను మరో అడుగు ముందుకు తీసుకెళ్లినవాడు నికొలాస్ ఫాటియో. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఈ గణితవేత్త న్యూటన్‌కు సన్నిహిత మిత్రుడు, రాయల్ సొసైటీ సభ్యుడు. 1699లో పండ్ల గోడల మీద ఒక పుస్తకమే రాశాడు. గోడను నిలువుగా కాకుండా సూర్యుడి వైపు వాలుగా కడితే మరింత ఎండ పడుతుందని గణితంతో చూపాడు. సూర్యుడి వెంట తిరిగే ఏర్పాటు గురించి కూడా ఆలోచించాడు. నేటి సౌర ఫలకాలు సూర్యుణ్ని అనుసరించి తిరగడం వెనక ఉన్న ఊహ ఇదే.

ఆయన లెక్క సరైనదే. కానీ వాలు గోడలు తోటల్లో స్థిరపడలేదు. లెక్క పగటి గురించి చెబుతుంది, పూలు మాడేది రాత్రి. మబ్బులేని రాత్రి ప్రతి వస్తువూ పరారుణ కిరణాల రూపంలో తన వేడిని ఆకాశానికి పంపుతుంది. నిలువు గోడకు ఎదురుగా సగం ఆకాశం, సగం నేల ఉంటాయి. వాలు గోడకు ఆకాశం ఎక్కువగా కనబడుతుంది, కాబట్టి అది త్వరగా చల్లబడుతుంది. పైగా వాలు తలం మీద వాన, మంచు ఎక్కువగా నిలుస్తాయి. పగలు ఎక్కువ సంపాదించే గోడ రాత్రి ఎక్కువ ఖర్చు పెట్టేస్తుంది.

గోడలో ఎంత వేడి దాగుతుంది?

ఒక ఘనమీటరు ఇటుక కట్టడం బరువు సుమారు 1800 కిలోలు. దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 1400 కిలోజౌళ్లు కావాలి. అదే ఘనపరిమాణంలో గాలికి 1.2 కిలోజౌళ్లు చాలు. అంటే ఇటుక గాలి కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని తనలో పెట్టుకోగలదు.

అయితే గోడ ఎంత మందంగా ఉంటే అంత మేలని అనుకోవడానికి లేదు. ఇటుకలో వేడి నెమ్మదిగా ప్రయాణిస్తుంది. పగలు ఎక్కి రాత్రి దిగే వేడి ప్రధానంగా పైనున్న 10, 12 సెంటీమీటర్ల పొరలోనే తిరుగుతుంది. ఆ పొరనే లెక్కలోకి తీసుకుందాం. ఒక చదరపు మీటరు గోడలో 10 సెంటీమీటర్ల పొర బరువు 180 కిలోలు. అది పగలు 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1440 కిలోజౌళ్లు, అంటే 0.4 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి దాగుతుంది. అది 10 గంటల పాటు బయటికి వస్తే ప్రతి చదరపు మీటరు నుంచి సగటున 40 వాట్ల వేడి. గోడంతా వరుసగా చిన్న చిన్న బల్బులు వెలిగించినట్టు. గోడకు అంటిపెట్టుకుని ఉన్న పూలకు ఆ వెచ్చదనం నేరుగా అందుతుంది. రెండడుగుల అవతల ఉన్న చెట్టుకు అందేది చాలా తక్కువ.

గోడకు ఇంకో చిక్కు ఉంది. చల్లగాలి బరువైనది, నీళ్లలా పల్లానికి జారుతుంది. వాలు నేల మీద దిగువన అడ్డుగోడ కడితే దాని వెనక చల్లగాలి చెరువులా నిలుస్తుంది. అందుకే తెలిసినవారు దిగువ గోడలో ఒక తలుపో, సందో ఉంచి చల్లగాలికి తూము వదిలేవారు.

పొగ తిరిగే గోడలు

సూర్యుడు నాలుగు రోజులు ముఖం చాటేస్తే గోడ దగ్గర దాచుకున్నదేమీ మిగలదు. దీనికి 18వ శతాబ్దంలో దొరికిన జవాబు గోడను లోపలి నుంచి కాల్చడం. గోడ వెనక కింది భాగంలో పొయ్యి పెట్టి, దాని పొగ గోడ లోపల అటూ ఇటూ మెలికలు తిరుగుతూ పైకి వెళ్లేలా గొట్టాలు వదిలి కట్టేవారు. వూస్టర్‌షైర్‌లోని క్రూమ్ కోర్ట్ తోటలో 1806 నాటి అలాంటి గోడ ఇప్పటికీ నిలిచి ఉంది. వార్విక్‌షైర్‌లోని ప్యాక్‌వుడ్ హౌస్‌లో తోట మూలనున్న చిన్న మండపంలోనే పొయ్యి దాచారు. అదే తోటలో ఎండవైపు గోడకు వరుసగా చిన్న గూళ్లు ఉన్నాయి. గడ్డితో అల్లిన తేనెపట్టు బుట్టలను వాటిలో ఉంచేవారు. గోడ వెచ్చదనం తేనెటీగలకు, తేనెటీగల పరాగసంపర్కం పండ్లకు ఉపయోగపడేవి.

పొయ్యి గోడలతో ఇబ్బందులూ ఉండేవి. పొయ్యి దగ్గర కొమ్మలు మాడిపోయేవి, దూరాన గోడ చల్లగానే ఉండేది. గొట్టాల్లో మసి పేరుకునేది. బొగ్గు, కట్టె, రాత్రంతా మేలుకుని మంట చూసే మనిషి, అన్నీ ఖర్చే. 1845లో ఇంగ్లండ్ గాజు మీద పన్ను ఎత్తేశాక అద్దాల ఇళ్లు చవకయ్యాయి. పొయ్యి గోడల అవసరం క్రమంగా తీరిపోయింది.

పాములా మెలికలు తిరిగే గోడ

తూర్పు ఇంగ్లండ్‌లోని సఫక్ ప్రాంతంలో తిన్నగా కాక అలలా వంపులు తిరుగుతూ సాగే తోట గోడలు చాలా కనబడతాయి. డచ్చి భాషలో వీటికి పాము గోడలనే పేరుంది. చూడగానే ఇటుకలు దండగ చేశారనిపిస్తుంది. నిజానికి ఇది ఇటుకలు ఆదా చేసే పద్ధతి.

ఇటుక వెడల్పున, అంటే 11 సెంటీమీటర్ల మందాన, ఒకే వరుసలో ఎత్తుగా తిన్నని గోడ కడితే పెద్ద గాలికి పడిపోతుంది. నిలబడాలంటే కనీసం రెట్టింపు మందం, మధ్యమధ్య దిమ్మెలు కావాలి. ఇప్పుడు అదే ఒంటి వరుస గోడను మధ్యరేఖకు అటూ ఇటూ 60 సెంటీమీటర్లు ఊగేలా, 5 మీటర్లకు ఒక పూర్తి అల వచ్చేలా కట్టామనుకుందాం. వంపుల వల్ల గోడ పొడవు సుమారు 13 శాతం పెరుగుతుంది. అయినా 22 సెంటీమీటర్ల తిన్నని గోడకు పట్టే ఇటుకల్లో ఇది 56 శాతమే.

మరి బలం? గోడను పడదోయాలంటే దాని బరువును పాదం అంచు మీదుగా తిప్పాలి. 22 సెంటీమీటర్ల తిన్నని గోడలో ఆ అంచు మధ్యరేఖకు 11 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అలల గోడలో 65 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. బరువును దూరంతో గుణిస్తే వచ్చే భ్రామకం, గోడంతా ఒకే ముక్కగా కదులుతుందనుకుంటే, అలల గోడకు మూడు రెట్లకు పైగా వస్తుంది. ఒక కాగితాన్ని నిలబెట్టి చూడండి, పడిపోతుంది. దాన్నే మడతలు పెట్టి నిలబెట్టండి, నిలుస్తుంది. సూత్రం ఇదే.

సఫక్‌లోని ఈస్టన్ గ్రామంలో ఒక భవంతి చుట్టూ ఇలాంటి గోడ మైళ్ల పొడవున ఉండేది. 1920లలో ఆ భవంతిని కూల్చేశారు. ఒంటి ఇటుక మందపు గోడ మాత్రం చాలా వరకు మిగిలింది.

ముంగిలి గోడలు, ఇటుక చెప్పే కథ

తోట గోడ పండ్ల కోసమైతే, భవంతి ముందరి ప్రాంగణం గోడ హోదా కోసం. 16, 17 శతాబ్దాల్లో అతిథి బండి దిగేది గోడలతో చుట్టిన ముంగిట్లోనే. లండన్ సమీపంలో 1610లో కట్టిన హామ్ హౌస్ ముంగిలి గోడల్లో గుండ్రటి గూళ్లు, వాటిలో తలల విగ్రహాలు నేటికీ చూడవచ్చు. అయితే 18వ శతాబ్దంలో అభిరుచి మారింది. ఇంటి గుమ్మం వరకూ పచ్చిక పరుచుకోవాలన్నారు. కేపబిలిటీ బ్రౌన్ వంటి ఉద్యానశిల్పుల కాలంలో ఎన్నో ముంగిలి గోడలు నేలమట్టమయ్యాయి. కాబట్టి మిగిలినవి అరుదైన ఆధారాలు.

వాటిని చదవడం కూడా ఒక విద్యే. ఇటుక ఎరుపు బంకమట్టిలోని ఇనుము నుంచి వస్తుంది. బట్టీలో గాలి బాగా ఆడితే ఇనుము ఎర్రటి ఆక్సైడ్‌గా మారుతుంది. గాలి తక్కువై మంట దగ్గర మరీ కాలినవి నీలం, నలుపు రంగులో గాజులా మెరుస్తాయి. ఆ కాలపు మేస్త్రీలు వాటిని పారేయకుండా ఎర్ర గోడలో వజ్రాకారపు గళ్లుగా పేర్చారు. మట్టిలో సున్నం ఎక్కువైతే ఇటుక పసుపు, తెలుపు ఛాయలకు తిరుగుతుంది.

ఇటుక కొలత కూడా కాలాన్ని పట్టిస్తుంది. ట్యూడర్ రాజుల నాటి ఇటుకలు పల్చన, సుమారు రెండంగుళాల మందం. అమెరికా యుద్ధం అప్పుల నేపథ్యంలో 1784లో ప్రభుత్వం వెయ్యి ఇటుకలకు ఇంత అని పన్ను వేసింది. లెక్క సంఖ్యమీద కాబట్టి తయారీదారులు ఇటుక సైజు పెంచేశారు. లెస్టర్‌షైర్‌లో జోసెఫ్ విల్క్స్ మామూలు ఇటుకకు దాదాపు రెట్టింపు ఇటుకలు పోశాడు. తరవాత ప్రభుత్వం పెద్ద ఇటుకలకు పన్ను పెంచి ఆ దారి మూసింది. 1850లో పన్నే రద్దయింది.

గోడ ఊపిరి సున్నంలో ఉంది

ఈ గోడలను కలిపి ఉంచింది సున్నం, ఇసుక కలిపిన మాలు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వద్ద కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే కుతకుతలాడి తడి సున్నం అవుతుంది. గోడలో చేరాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ తిరిగి సున్నపురాయిగా మారుతుంది. మందపాటి గోడ లోపల ఈ మార్పు ఏళ్ల తరబడి సాగుతుంది.

సున్నపు మాలు ఇటుక కంటే మెత్తన, గుల్ల. ఇది లోపంలా కనిపిస్తుంది, కానీ గోడ ఆయుష్షు ఇందులోనే ఉంది. పాత తోట గోడకు నేల తేమను ఆపే పొర ఉండదు. పైగా రెండు ముఖాలూ వానకు తడుస్తాయి. నేల నుంచి కేశనాళికీయత వల్ల నీరు పైకి ఎక్కుతుంది, తనతో లవణాలనూ తెస్తుంది. ఆ నీటికి బయటికి పోయే దారి సున్నపు సందులు. నీరు అక్కడ ఆవిరవుతుంది, లవణాలు అక్కడే గడ్డకడతాయి. దెబ్బ సందు తింటుంది, ఇటుక బతుకుతుంది. కొన్ని దశాబ్దాలకోసారి అరిగిన సందులను గీకి మళ్లీ సున్నం పెడితే సరిపోతుంది. గోడ కాస్త కదిలి సన్నటి పగుళ్లు వచ్చినా, వాన నీటిలో కరిగిన సున్నం ఆ పగుళ్లలో మళ్లీ పేరుకుని వాటిని కొంతవరకు పూడుస్తుంది.

బలమైన మందు చేసిన చేటు

1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. 20వ శతాబ్దంలో పాత గోడల మరమ్మతుకూ అదే వాడకమైంది. త్వరగా గట్టిపడుతుంది, నీటిని చొరనివ్వదు, బలంగా ఉంటుంది. అరిగిన సున్నపు సందుల్లో సిమెంటు నింపితే గోడ కొత్తదిలా కనిపించింది. ప్రపంచ యుద్ధాల తరవాత పనివాళ్లు కరవై తోటలు పాడుబడ్డ కాలంలో ఇది తేలిక దారి కూడా.

కానీ దారి మూసుకున్న నీరు ఆగదు, మరో దారి వెతుక్కుంటుంది. సందులు మూసుకుపోవడంతో అది ఇటుక ముఖం నుంచే ఆవిరి కావలసి వచ్చింది. లవణాలు ఇటుక రంధ్రాల్లో స్ఫటికాలుగా పెరిగి లోపలి నుంచి తోస్తాయి. చలికాలంలో తడి ఇటుకలోని నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది. ఏటా ఇలా జరిగితే బట్టీలో గట్టిపడిన ఇటుక పైపొర పెచ్చులుగా ఊడిపోతుంది. లోపలి మెత్తటి భాగం బయటపడ్డాక క్షయం మరింత వేగం పుంజుకుంటుంది. చివరకు సిమెంటు గీతలు గూడులా ముందుకు పొడుచుకు వచ్చి, వాటి మధ్య ఇటుకలు గుంతలు పడి కనబడతాయి. పాత గోడలో ఈ దృశ్యం కనబడితే కారణం దాదాపు ఖాయం. మాలు ఇటుకను మించి బలంగా ఉండకూడదన్నది ఇప్పుడు సంరక్షణ రంగంలో మూలసూత్రం.

మరమ్మతు ఎలా చేస్తే మంచిది?

ముందు చూడవలసింది గోడ నెత్తి. ముఖాలకు బయటికి చాచుకుని వాననీటిని దూరంగా జార్చే కప్పు ఇటుకలు సరిగ్గా ఉంటే సగం రోగం రాదు. తరవాత గోడ పాదం. మొదట్లో పోసిన మట్టి, కంకర ఏళ్ల తరబడి పేరుకుని గోడకు ఆనితే తేమ పెరుగుతుంది. సిమెంటును తీసేటప్పుడు తొందర పనికిరాదు. అది ఇటుకను గట్టిగా పట్టుకుని ఉంటే బలవంతంగా పీకడం వల్ల ఇటుక అంచులే విరుగుతాయి. కొత్త సున్నాన్ని చలి తీవ్రమయ్యే నెలల ముందే పెట్టాలి, లేదంటే గట్టిపడకముందే మంచుకు చెడిపోతుంది.

గోడకు పాకిన ఐవీ తీగ సంగతేమిటి? అది గోడను తినేస్తుందని చాలామంది నమ్మకం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చారిత్రక గోడలపై కొలతలు తీస్తే, ఐవీ ఆకుల దుప్పటి కింద గోడ పగలు తక్కువ వేడెక్కుతోందని, రాత్రి తక్కువ చల్లబడుతోందని తేలింది. అప్పటికే పగుళ్లున్న గోడలో వేర్లు దూరితే మాత్రం ప్రమాదమే. కాబట్టి ఏ తీగనైనా పీకేముందు గోడ స్థితి చూడాలి.

ఈ పాఠం ఇంగ్లండ్‌కే పరిమితం కాదు. 1591 నాటి చార్మినార్‌ను నిలబెట్టింది కూడా సున్నమే. ఇంగ్లండ్ భవంతుల పద్ధతిలో 19వ శతాబ్ది ఆరంభంలో హైదరాబాద్ కోఠిలో కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీదీ ఇటుక, సున్నాల కట్టడమే. గానుగ సున్నంతో కట్టిన పాత ఇళ్లు, బావులు, ప్రహరీలు తెలుగు ఊళ్లలో ఇంకా ఉన్నాయి. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు గానీ, ఉప్పు, తేమ ఉన్నాయి. చవుడెక్కిన పాత గోడకు సిమెంటు పూత పూస్తే తేమ పోదు. పూతకు పైన, ఇంకాస్త ఎత్తున బయటపడుతుంది.

చేసి చూడండి

కావలసినవి: రెండు మామూలు ఎర్ర ఇటుకలు, రెండు పళ్లేలు, ఉప్పు, పాలిథిన్ కాగితం, రబ్బరు బ్యాండ్లు.

లీటరు నీటిలో నాలుగైదు చెంచాల ఉప్పు కరిగించి రెండు పళ్లేల్లో పోయండి. మొదటి ఇటుకను అలాగే నిలువుగా నిలబెట్టండి. రెండో ఇటుక కింది మూడింట రెండు వంతుల భాగానికి పాలిథిన్ బిగుతుగా చుట్టి, అడుగు మాత్రం తెరిచి ఉంచి నిలబెట్టండి. నీరు తగ్గినప్పుడల్లా మంచినీళ్లు కలుపుతూ వారం, పది రోజులు గాలి తగిలే చోట ఉంచండి.

మొదటి ఇటుకలో తెల్లటి ఉప్పు నీటి మట్టానికి పైన ముఖమంతా పరుచుకుంటుంది. రెండో ఇటుకలో పాలిథిన్ లేని పై భాగంలోనే చిక్కగా పేరుకుంటుంది. గోటితో గీకి చూస్తే ఆ భాగంలో పొడి రాలుతుంది. పాలిథిన్ స్థానంలో సిమెంటును ఊహించుకుంటే, పాత తోట గోడలో జరిగింది ఏమిటో కళ్లముందు కనబడుతుంది.